నైరోబి నుంచి లాగోస్‌కు ఎంత దూరం, ఎన్ని గంటలు? ఆఫ్రికా నగరాల మధ్య విమాన ప్రయాణం లెక్కగట్టే పద్ధతి

జీడిమెట్ల నుంచి మందులు ఎగుమతి చేసే కంపెనీల్లో ఆఫ్రికా టూర్ ప్రోగ్రాం వేసేటప్పుడు తరచూ వినిపించే మాట: “నైరోబి దాకా వెళ్తున్నాం కదా, పనిలో పనిగా లాగోస్ కూడా చూసుకుని వచ్చేద్దాం.” నైరోబికి, లాగోస్‌కు మధ్య దూరం సుమారు 3,830 కిలోమీటర్లు. మన శంషాబాద్ నుంచి అడిస్ అబాబాకే 4,380. అంటే అరేబియా సముద్రం దాటి ఆఫ్రికాలో అడుగుపెట్టడానికి ఎంత పడుతుందో, అందులో దిగాక ఈ చివర నుంచి ఆ చివరకు పోవడానికీ దాదాపు అంతే పడుతుంది. గోడలకు వేలాడే మ్యాపుల్లో చాలావరకు మెర్కేటర్ పద్ధతిలో గీసినవి. అవి ధ్రువాల వైపున్న దేశాలను సాగదీసి చూపిస్తాయి, భూమధ్యరేఖకు అటూ ఇటూ ఉన్న ఆఫ్రికా వాటి పక్కన చిన్నబోతుంది. నిజానికి ఆఫ్రికా విస్తీర్ణం దాదాపు 3 కోట్ల చదరపు కిలోమీటర్లు. మన దేశం లాంటివి తొమ్మిది పడతాయి.

దూరం లెక్క ఐదు నిమిషాల పని, పెద్దగా తప్పదు. తప్పేది గంటల దగ్గరే. టికెట్ మీద ఉన్న రెండు టైముల్లో ఒకదాంట్లోంచి ఒకటి తీసేసి “మూడు గంటలే” అనుకునేవాళ్లు ట్రావెల్ ఆఫీసుల్లో కూడా ఉన్నారు.

ముందు ఏ ఎయిర్‌పోర్టో తేల్చుకోండి

దూరం కొలిచేది నగరం నుంచి నగరానికి కాదు, ఎయిర్‌పోర్టు నుంచి ఎయిర్‌పోర్టుకు. అందుకే మొదట మూడక్షరాల కోడ్ రాసుకోవాలి. నైరోబిలో అంతర్జాతీయ విమానాలు దిగే జోమో కెన్యట్టా కోడ్ ఎన్‌బీఓ. మసాయి మారా లాంటి చోట్లకు చిన్న విమానాలు వెళ్లేది విల్సన్ ఎయిర్‌పోర్టు నుంచి, దాని కోడ్ డబ్ల్యూఐఎల్. ఒకదాంట్లో దిగి రెండోదాంట్లో ఎక్కాలంటే నైరోబి ట్రాఫిక్ దాటాల్సిందే. జోహన్నెస్‌బర్గ్‌కూ రెండున్నాయి: ఓఆర్ టాంబో, లాన్సేరియా. కంపాలా వెళ్లాలంటే దిగేది ఎంటెబెలో, అక్కడి నుంచి నగరం సుమారు 40 కిలోమీటర్లు. డకార్‌కు 2017 డిసెంబర్‌లో బ్లెయిజ్ డియాన్ పేరుతో కొత్త ఎయిర్‌పోర్టు వచ్చింది, అది ఊరికి చాలా దూరం. పాత డీకేఆర్ కోడ్‌తో కొలిస్తే పాత ఎయిర్‌పోర్టుకు కొలిచినట్టు, ఇప్పుడు వాడాల్సింది డీఎస్‌ఎస్. ఫ్రీటౌన్ సంగతి ఇంకా విచిత్రం: ఎయిర్‌పోర్టు లుంగీలో ఉంది, ఊరు నదీముఖానికి అవతలి ఒడ్డున ఉంది. విమానం దిగాక బోటు ఎక్కాలి. ఆ బోటు టైము ఏ వెబ్‌సైటూ ప్రయాణ సమయంలో కలపదు.

దూరం కొలవడం

చేతిలో ఫోనుంటే గ్రేట్ సర్కిల్ మ్యాపర్ సైటులో రెండు కోడ్‌లూ మధ్యలో గీత పెట్టి కొడితే చాలు. అది నాటికల్ మైళ్లలో చూపిస్తుంటే 1.852తో గుణించండి, మామూలు మైళ్లయితే 1.609తో. ఈ రెండింటినీ ఒకటనుకోవడం వల్ల వచ్చే తేడా దాదాపు 15 శాతం. గూగుల్ మ్యాప్స్‌లో కంప్యూటర్ మీదైతే ఎయిర్‌పోర్టు మీద రైట్ క్లిక్ చేసి దూరం కొలిచే ఆప్షన్ తీసుకోవాలి. ఫోనులో వేలు నొక్కి పట్టి పిన్ వేశాక అదే ఆప్షన్ కనిపిస్తుంది. ‘డైరెక్షన్స్’ మాత్రం నొక్కొద్దు, అది రోడ్డు దూరం ఇస్తుంది.

నెట్ లేకున్నా కాగితం మీద తేల్చవచ్చు. భూమధ్యరేఖకు రెండు వైపులా ఉన్న ఖండం కాబట్టి ఆఫ్రికాలో ఈ లెక్క బాగా కుదురుతుంది. నైరోబి ఎయిర్‌పోర్టు అక్షాంశం 1.32 దక్షిణం, రేఖాంశం 36.93 తూర్పు. లాగోస్‌ది 6.58 ఉత్తరం, 3.32 తూర్పు. ఒకటి దక్షిణం, ఒకటి ఉత్తరం కాబట్టి అక్షాంశాలను కలపాలి: 7.90 డిగ్రీలు. రేఖాంశాలు రెండూ తూర్పే కాబట్టి తీసేయాలి: 33.61 డిగ్రీలు. ఈ రెండో అంకెను సగటు అక్షాంశపు కొసైన్‌తో గుణించాలి. ఇక్కడ సగటు 2.6 డిగ్రీలే, కొసైన్ దాదాపు 1, కాబట్టి 33.57 వస్తుంది. రెండింటినీ వర్గం చేసి కలిపి వర్గమూలం తీస్తే 34.49. డిగ్రీకి 111.2 కిలోమీటర్ల చొప్పున 3,835. గోళాకార సూత్రంతో వేస్తే 3,832 వస్తుంది. మూడు కిలోమీటర్ల తేడాకు సూత్రం కంఠతా పట్టాల్సిన పని లేదు.

ఉత్తరాన మాత్రం కొసైన్ మరిచిపోకండి. కాసాబ్లాంకా నుంచి కైరోకు అసలు దూరం సుమారు 3,680 కిలోమీటర్లు. రెండూ 30 డిగ్రీల పైన ఉన్నాయి కాబట్టి కొసైన్ వేయకపోతే 650కి పైగా ఎక్కువ వస్తుంది.

తప్పులు జరిగే చోట్లు ఇవి. మొదటిది, నిమిషాలను దశాంశంగా చదవడం. 36 డిగ్రీల 55 నిమిషాలంటే 36.55 కాదు. 55ను 60తో భాగించాలి, 36.92 అవుతుంది. రెండోది గుర్తు తప్పడం. నైరోబిని ఉత్తరం అనుకుని వేస్తే లాగోస్ దూరంలో 50 కిలోమీటర్లే తగ్గుతాయి, ఎవరికీ అనుమానం రాదు. అదే తప్పు కైరో–కేప్‌టౌన్‌కు చేస్తే 7,250 రావాల్సిన చోట 1,300 లోపే వస్తుంది, అప్పుడు కళ్లు తెరుచుకుంటాయి. చిన్న తేడా ఇచ్చే తప్పే ప్రమాదం. అక్రా, డకార్, కాసాబ్లాంకా సున్నా రేఖాంశానికి పడమర ఉన్నాయి. లాగోస్ నుంచి వాటికి కొలిచేటప్పుడు రేఖాంశాలను కలపాలి, తీసేయకూడదు. ఇక ఎక్సెల్‌లో వేసేవాళ్లు డిగ్రీలను రేడియన్లలోకి మార్చకపోతే పొంతన లేని అంకె వస్తుంది.

ఇంకో మాట. దూరం తక్కువైనంత మాత్రాన విమానం సరైన దారి అని కాదు. కిన్షాసా, బ్రజవిల్ రెండు దేశాల రాజధానులు, మధ్యలో కాంగో నది. ఎయిర్‌పోర్టుల మధ్య 26 కిలోమీటర్లు, గచ్చిబౌలి నుంచి శంషాబాద్ వెళ్లినంత. వంతెన లేదు, జనం పడవల్లోనే దాటుతారు.

విమానం గీత గీసినట్టు వెళ్లదు

కొలిచిన దూరానికి 3 నుంచి 5 శాతం కలుపుకోవాలి. బయల్దేరేటప్పుడు రన్‌వే దిశ, దిగేటప్పుడు తిరిగే చుట్టు, మధ్యలో నిర్ణయించిన వాయుమార్గాలు, వీటన్నిటికీ ఆ మాత్రం అవుతుంది. నైరోబి–లాగోస్ దారిలో కాంగో పరీవాహక ప్రాంతం వస్తుంది. అక్కడ ఉరుముల మేఘాలు విమానం ఎగిరే ఎత్తును దాటి లేస్తాయి, పైలట్లు పక్కకు తిరిగి వెళ్తారు. దానికి మరో ఐదు పది నిమిషాలు.

అసలు తేడా వచ్చేది గగనతలం మూసినప్పుడు. 2023 ఏప్రిల్‌లో సూడాన్‌లో యుద్ధం మొదలయ్యాక ఆ దేశం మీదుగా వెళ్లే విమానాలు దారి మార్చుకోవాల్సి వచ్చింది. కైరో నుంచి నైరోబికి గీత గీస్తే అది నేరుగా సూడాన్ మీద పడుతుంది. మొరాకో విమానాలకు అల్జీరియా 2021 సెప్టెంబర్‌లో తన గగనతలం మూసేసింది. అందుకే కాసాబ్లాంకా నుంచి ట్యూనిస్‌కు, కైరోకు వెళ్లే మొరాకో విమానాలు మధ్యధరా సముద్రం వైపు తిరిగి వెళ్తాయి. కాసాబ్లాంకా నుంచి పక్క దేశపు రాజధాని అల్జీర్స్‌కు నేరుగా విమానమే లేకుండా పోయింది. నైజర్ 2023 ఆగస్టులో మూసి, సెప్టెంబర్ మొదటి వారంలో తెరిచింది. ఇలాంటివి మారుతూ ఉంటాయి కాబట్టి దారి మధ్యలో ఏయే దేశాలున్నాయో ఒకసారి చూసుకోవడం మంచిది.

కిలోమీటర్లను గంటలుగా మార్చడం

టికెట్ మీద ఉండేది గాల్లో ఉన్న సమయం కాదు, బ్లాక్ టైమ్. అంటే ఇక్కడ గేటు వదిలినప్పటి నుంచి అక్కడ గేటు దగ్గర ఆగే దాకా. కాబట్టి దూరాన్ని వేగంతో భాగించి అరగంట కలపాలి. టాక్సీయింగ్‌కు, అంటే గేటుకూ రన్‌వేకూ మధ్య నేల మీద నడవడానికి ఇరవై నిమిషాల దాకా, పైకి లేచేటప్పుడు, దిగేటప్పుడు వేగం తక్కువగా ఉండటం వల్ల ఇంకో పది.

వేగం విమానాన్ని బట్టి ఉంటుంది. బోయింగ్ 787 గంటకు 900 కిలోమీటర్ల దరిదాపుల్లో పోతుంది. 737, ఎంబ్రేయర్ 190 లాంటివి 830–840. రెక్కలకు ప్రొపెల్లర్లున్న క్యూ400 సుమారు 650, ఏటీఆర్ 72 సుమారు 500. ఏ విమానమో గూగుల్ ఫ్లైట్స్‌లో టికెట్ వివరాలు తెరిస్తే కనిపిస్తుంది.

నైరోబి–లాగోస్ 3,830కి 4 శాతం కలిపితే 3,983. 737కి 840 వేగంతో 4 గంటల 45 నిమిషాలు, అరగంట కలిపితే 5:15. 787 అయితే 4:55. ఇంత దూరంలో విమానం మారితే వచ్చే తేడా 20 నిమిషాలే. తక్కువ దూరాల్లో లెక్క వేరు. ఎంటెబె–నైరోబి 520 కిలోమీటర్లు: జెట్‌లో గంటా పది నిమిషాలైతే, అదే దూరం ఏటీఆర్‌లో గంటన్నర. ప్రొపెల్లర్ విమానం వచ్చిందని తెలియక తర్వాతి మీటింగ్ బిగుతుగా పెట్టుకుంటే ఇబ్బంది అక్కడే.

మిగతా జతలకూ ఇదే పద్ధతి. అడిస్ అబాబా–నైరోబి 1,160 కిలోమీటర్లు, రెండు గంటలు. లాగోస్–అబుజా 510, గంటా పది నిమిషాలు. జోహన్నెస్‌బర్గ్–కేప్‌టౌన్ 1,270, రెండు గంటల పైచిలుకు.

గాలి సంగతి. దక్షిణ కొసన పడమటి గాలులు బలంగా వీస్తాయి, అందులోనూ జూన్ నుంచి ఆగస్టు దాకా. అందుకే కేప్‌టౌన్‌కు వెళ్లేటప్పుడు పట్టే సమయం కన్నా జోహన్నెస్‌బర్గ్‌కు తిరిగొచ్చేటప్పుడు పది పదిహేను నిమిషాలు తగ్గుతుంది. భూమధ్యరేఖ దగ్గర పైగాలుల ప్రభావం అంత ఉండదు. మనకు పనికొచ్చేది ఇంకొకటి: వానాకాలంలో దక్షిణ భారతం మీదుగా ఆఫ్రికా దాకా చాలా ఎత్తులో తూర్పు గాలుల జెట్ ప్రవాహం సాగుతుంది. జూన్–సెప్టెంబర్ మధ్య హైదరాబాద్ నుంచి అడిస్ వెళ్లేటప్పుడు అది వెనక నుంచి తోస్తుంది, వచ్చేటప్పుడు ఎదురొస్తుంది.

అడిస్ ఎయిర్‌పోర్టు సముద్రమట్టానికి 2,334 మీటర్ల ఎత్తులో ఉంది, నైరోబి 1,624. గాలి పల్చగా ఉండే చోట నిండు ఇంధనం, నిండు లోడు రెండూ కలిపి లేపడం కష్టం. అందుకే అడిస్ నుంచి అమెరికా వెళ్లే విమానాలు మధ్యలో ఇంధనానికి ఆగుతాయి. ఆఫ్రికా లోపలి ప్రయాణాలకు దీనివల్ల గంటలు పెరగవు. కానీ సరుకు పంపేవాళ్లు గుర్తుంచుకోవాలి, బరువు తగ్గించాల్సి వస్తే ముందు దించేది కార్గోనే.

గడియారం దగ్గరే అందరూ తప్పేది

టికెట్ మీద ప్రతి టైమూ ఆ ఊరి టైమే. నైరోబి నుంచి ఉదయం 7:00కు బయల్దేరిన విమానం 5:15 గంటలు ఎగిరితే లాగోస్‌లో 10:15కు దిగినట్టు రాసి ఉంటుంది. తీసేస్తే మూడుంపావు గంటలు. తిరుగు ప్రయాణంలో 11:30కు లేచి ఐదు గంటలు ఎగిరితే నైరోబిలో 18:30. తీసేస్తే ఏడు గంటలు. రెండూ తప్పే. లాగోస్ గడియారం నైరోబి కన్నా రెండు గంటలు వెనక.

హైదరాబాద్‌లో కూర్చుని లెక్క వేసేవాళ్లకు తేలిక దారి ఒకటుంది. రెండు చివర్లనూ మన టైములోకి మార్చేసి అప్పుడు తీసేయండి. నైరోబి, అడిస్, దార్ ఎస్ సలామ్, ఎంటెబె టైముకు రెండున్నర గంటలు కలిపితే మన టైము. జోహన్నెస్‌బర్గ్, లుసాకా, హరారే, మపుటోలకు మూడున్నర. లాగోస్, కిన్షాసా, లువాండా, అల్జీర్స్‌లకు నాలుగున్నర. అక్రా, అబిజాన్, డకార్‌లకు అయిదున్నర. పై ఉదాహరణలో నైరోబి 7:00 అంటే మనకు 9:30, లాగోస్ 10:15 అంటే మనకు 14:45. తేడా 5:15, సరిపోయింది. తిరుగు ప్రయాణం మన టైములో 16:00 నుంచి 21:00 దాకా, ఐదు గంటలు. ఇంట్లోవాళ్లకు పంపే మెసేజ్‌లో కూడా ఈ మన టైములే పెడితే “ఇంకా దిగలేదా?” అన్న ఫోన్లు ఉండవు.

కొన్ని ఊళ్లకు ఈ పట్టిక ఏడాదంతా చెల్లదు. ఈజిప్టు 2023లో వేసవి టైమును మళ్లీ తెచ్చింది. ఏప్రిల్ చివరి శుక్రవారం నుంచి అక్టోబర్ చివరి గురువారం దాకా కైరో గంట ముందుకు జరుగుతుంది, అప్పుడు నైరోబితో సమానం. మొరాకో మామూలుగా లాగోస్ టైములోనే ఉండి, రంజాన్ నెలలో గంట వెనక్కి వస్తుంది. దక్షిణ సూడాన్ 2021 ఫిబ్రవరిలో గంట వెనక్కి జరిగింది, పాత పట్టికల్లో ఇంకా నైరోబి టైమే ఉంటుంది. కాంగో ప్రజాస్వామ్య గణతంత్రంలో రెండు టైములున్నాయి: కిన్షాసా లాగోస్‌తో, లుబుంబాషి జోహన్నెస్‌బర్గ్‌తో. దేశంలోపలి విమానమే కదా అని టైములు నేరుగా తీసేస్తే గంట పోతుంది.

అడిస్‌లో ఇంకో తిరకాసు. అక్కడి జనం రోజును పొద్దు పొడవడంతో మొదలుపెట్టి లెక్కిస్తారు. మన ఉదయం ఏడు వాళ్లకు ఒంటిగంట. టికెట్ మీద అంతర్జాతీయ టైమే ఉంటుంది, కానీ టాక్సీ డ్రైవర్ “రెండింటికి వస్తా” అంటే అది ఉదయం ఎనిమిది కావచ్చు. ఏ గడియారమో అడిగి ఖాయం చేసుకోండి.

అర్ధరాత్రి దాటిన విమానాల గురించి విడిగా చెప్పాలి. 14వ తేదీ 00:40 అని ఉంటే ఎయిర్‌పోర్టుకు బయల్దేరాల్సింది 13 సాయంత్రమే. 14 రాత్రి వెళ్తే విమానం వెళ్లిపోయి ఒక రోజు అయినట్టు.

వేసిన లెక్క సరిచూసుకోవడం

ఫ్లైట్‌రాడార్24లో విమానం నంబరు కొడితే గత ఏడు రోజులుగా అది అసలు ఎప్పుడు లేచిందో, ఎప్పుడు దిగిందో డబ్బు కట్టకుండానే చూడవచ్చు. అక్కడ కనిపించేది గాల్లో ఉన్న సమయం, మీ అంకె బ్లాక్ టైమ్. ఇరవై ముప్పై నిమిషాల తేడా సహజం. గంట తేడా ఉంటే దారి మళ్లిందో, మధ్యలో ఎక్కడైనా ఆగుతోందో చూడండి. పశ్చిమ ఆఫ్రికాలో ఒకే నంబరు మీద రెండు మూడు ఊళ్లలో ఆగి వెళ్లే సర్వీసులు కొత్తేమీ కాదు, ‘డైరెక్ట్’ అన్నంత మాత్రాన నాన్‌స్టాప్ అని కాదు. ఈ ఏడు రోజుల్లో ఆలస్యం ఎంతుందో కూడా రాసుకోండి. డిసెంబర్–ఫిబ్రవరి మధ్య సహారా నుంచి వీచే హర్మతాన్ దుమ్ము వల్ల కానో, అబుజా, లాగోస్‌లలో రన్‌వే కనిపించక విమానాలు గంటల తరబడి ఆగిపోతుంటాయి. ఆ నెలల్లో పొద్దున్నే దిగి పదింటికి మీటింగ్ పెట్టుకోవడం తెలివైన పని కాదు.

కనెక్షన్ ఉంటే

నేరుగా విమానం లేని రోజు నైరోబి నుంచి లాగోస్‌కు అడిస్ మీదుగా వెళ్తే 1,160కి 3,916 కలిసి దాదాపు 5,080 కిలోమీటర్లు. గాల్లో రెండు గంటలు ఎక్కువ, దాని మీద లేఓవర్, అంటే మధ్యలో దిగి తర్వాతి విమానం కోసం ఆగే సమయం. ఒకే పీఎన్ఆర్ అయితే గంటన్నర, రెండు గంటల గ్యాప్ నడుస్తుంది, తప్పిపోతే ఇంకో విమానం ఎక్కించే బాధ్యత ఎయిర్‌లైన్‌దే. విడివిడి టికెట్లయితే నాలుగు గంటలకు తక్కువ పెట్టుకోవద్దు. బ్యాగులు తీసుకుని మళ్లీ చెకిన్ చేయాలి, అంటే ఆ దేశంలోకి అడుగుపెట్టినట్టే. నైరోబిలో అలా బయటికి రావాలంటే 2024 జనవరి నుంచి ముందుగా ఈటీఏ (ఎలక్ట్రానిక్ ప్రయాణ అనుమతి) తీసుకోవాలి. అది లేకపోతే హైదరాబాద్ కౌంటర్ దగ్గరే ఆపేస్తారు.

లేఓవర్ గంటలకు ఎల్లో ఫీవర్ నిబంధనకూ ముడి ఉంది. ఆ జబ్బు ఉన్న దేశపు ఎయిర్‌పోర్టులో 12 గంటలకు మించి ఆగి దక్షిణాఫ్రికా వెళ్తే టీకా సర్టిఫికెట్ అడుగుతారు. 11 గంటల లేఓవర్, 13 గంటల లేఓవర్ టికెట్ ధరలో ఒకటే కావచ్చు, ఇమిగ్రేషన్ దగ్గర ఒకటి కాదు. ఇక కెన్యా, ఇథియోపియా, నైజీరియాల్లో దిగి తిరిగితే మన దేశానికి తిరిగొచ్చేటప్పుడు కూడా కార్డు చూపాలి, లేకుంటే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టవచ్చు. టీకా నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. వేసుకున్న పదో రోజు నుంచే సర్టిఫికెట్ చెల్లుతుంది. కాబట్టి టికెట్ తేదీ నుంచి వెనక్కి పది రోజులు లెక్కపెట్టి, దానికి ముందు వారంలోనే వెళ్లండి. పాస్‌పోర్టు వెంట తీసుకెళ్లండి, కార్డు మీద దాని నంబరు రాయాలి.